చిల్లకూరు దగ్గర యూటర్న్

మా తమ్ముడు వినోద్ జీవితంలో నిదానంగా చేసిన పని ఒక్కటే, పుట్టడం. అమ్మను రెండు రోజులు ఏడిపించి గానీ బయటికి రాలేదట. ఆ ఆలస్యాన్ని పూడ్చుకోవాలన్నట్టు అప్పటి నుంచి ప్రతిదానికీ తొందరే. అన్నంలో పులుసూ పెరుగూ ఒకేసారి పోసుకుంటాడు. అదేందిరా అంటే, ఎట్టాగూ లోపల కలిసేవే కదా అంటాడు.

పగలు కృష్ణపట్నం పోర్టులో కంటైనర్ల లెక్కలు చూసే ఆఫీసులో ఉద్యోగం. ఇంటికొస్తే కంప్యూటర్ గేములు. మామూలు మనుషులు గేమును ఆనందించడానికి ఆడతారు, వీడు దాన్ని వదిలించుకోవడానికి ఆడతాడు. ఒక గేమును మొదటి నుంచి చివరిదాకా ఎవరు అందరికంటే తొందరగా ముగిస్తారన్నదే వీళ్ల పోటీ. దాన్ని స్పీడ్‌రన్ అంటారు. ఫిన్లాండ్‌లో ఒకడు, బ్రెజిల్‌లో ఒకడు, సముద్రం ఒడ్డున మా జాలర్ల కుప్పంలో వీడు. ముగ్గురూ కలిసి ఒక దీవి గేము వెంటపడ్డారు. ఆ దీవిలో ఉన్న లాంతర్లన్నీ వెలిగించి పడవెక్కి వెళ్లిపోవాలి. దారిలో ఒక ముసలామె ఎదురొచ్చి ఏదో కథ చెప్పబోతుంది. వినోద్ ఆమె నోరు తెరవగానే ఒక బటన్ నొక్కుతాడు, ఆమె మాయమవుతుంది. ఆమె ఏం చెబుతుందిరా అని ఒకసారి అడిగాను.

"తెలీదక్కా. యెప్పుడూ విన్లా" అన్నాడు.

ఇలాంటి వాళ్ల కోసం వాడే ఒక సాఫ్ట్‌వేర్ తయారు చేశాడు. పేరు అడ్డదారి. గేములో ఎక్కడెక్కడికి పోవాలో, ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎంత సేపు పడుతుందో, దేనికంటే ముందు ఏది చేసి తీరాలో అందులో నింపాలి. తాళంచెవి దొరక్కముందు తలుపు దగ్గరికి పోయి లాభం లేదు కదా, ఆ సంగతులన్నమాట. నింపితే అది ఉన్న దారులన్నీ వెతికి అన్నిటికంటే పొట్టి దారిని గీసి ఇస్తుంది. పక్కనే ఒక టైమర్ తిరుగుతుంది. ముందున్నావంటే పచ్చగా, వెనకబడ్డావంటే ఎర్రగా. మేం ఎవరమూ చూడని దేశాల వాళ్లు ఆ సాఫ్ట్‌వేర్ వాడి, మా తమ్ముడికి దండాలు పెడుతూ రాస్తారు. మా ఇంట్లో మాత్రం వాణ్ణి ఎవరూ లెక్కచేయరు. నా పెళ్లి కుదిరేదాకా వాడికి ఇంట్లో పేరు తెచ్చుకునే అవకాశమూ రాలేదు.

సముద్రంలో వేట ఆపే రోజుల్లోనే మా వాళ్ల పెళ్లిళ్లు. పడవలు ఒడ్డున ఉంటాయి, మగవాళ్లు ఇంట్లో ఉంటారు. నాకు థర్మల్ ప్లాంటులో పనిచేసే సుధాకర్‌తో సంబంధం కుదిరింది. అంతా బాగానే ఉందనుకుంటుండగా పంతులు పంచాంగం చూసి, మూఢం వచ్చేస్తోంది, అంతకు ముందు ఒక్క ముహూర్తమే ఉంది అన్నాడు. చూస్తే అది ముంచుకొచ్చేసింది. బంధువులేమో మనుబోలు నుంచి పులికాట్ ఒడ్డు కుప్పాల దాకా చెల్లాచెదురుగా ఉన్నారు. ఫోన్లో పిలిస్తే మా వాళ్ల దృష్టిలో పిలవనట్టే. ఇంటికి పోయి, బొట్టు పెట్టి, కార్డు చేతికివ్వాలి.

"ఒక్క రోజులో అందరినీ పిలిచేస్తా" అన్నాడు వినోద్.

నాన్న వెంకయ్య వల బాగుచేసుకుంటూ నవ్వాడు. ఆయన ఏదైనా నమ్మకపోతే నవ్వుతాడు, నమ్మినా నవ్వుతాడు. అమ్మ నాగులమ్మ మాత్రం కొడుకు ఇంటి పనికి నడుం కట్టాడని మురిసిపోయింది. వాడు కంప్యూటర్ ముందు కూర్చుని ఊర్లన్నీ నింపాడు, రోడ్లన్నీ నింపాడు. తర్వాత అమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అమ్మా, ఎవురి కంటే ఎవురిని ముందు పిలవాల్నో చెప్పు. ఆ గడి నింపితేనే ఇది సరిగ్గా దారి గీస్తాది."

"అందరూ మనోళ్లే గదరా. ఎవురు ముందైతే ఏంది, ఎవురు ఎనకైతే ఏంది? ఏదైనా ఒకటే" అంది అమ్మ.

నేను అక్కడే ఉన్నాను. నాకూ ఏమీ తోచలేదు. ఆ మాట మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నామో. ఎవరికి ఏ చేపముక్క వేయాలన్నా అమ్మ అదే అంటుంది, వేసేటప్పుడు మాత్రం తల ఎవరికో తోక ఎవరికో ఆమె చేతికి తెలుసు. దేవుడి ముందు మొదటి కార్డు, మేనమామకు రెండో కార్డు. ఇది మా కుప్పంలో పాకే పిల్లలకు కూడా తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ నోటితో చెప్పరు. వినోద్ ఆ గడి ఖాళీగా వదిలేశాడు.

మా మేనమామ పేరు పెంచలకృష్ణ. అమ్మకు తమ్ముడు. చిల్లకూరు దగ్గర హైవే పక్కన ఆయనకు లారీల పంచర్ అంగడి ఉంది. నేను నర్సింగ్ చదువుతానంటే నాన్న ఒప్పుకోనప్పుడు, అంగడి మూసేసి మా ఇంటికొచ్చి, నాన్న సరేననేదాకా గడప మీద కూర్చున్న మనిషి. కూర్చున్నంతసేపూ మంచినీళ్లు కూడా ముట్టలేదు. అలిగితే అంత గట్టిగా అలుగుతాడు. ఆ అలక నా కోసం పనిచేసినప్పుడు అది ఎంత గొప్ప గుణమో అనుకున్నాను. పెళ్లిలో నన్ను గంపలో కూర్చోబెట్టి మోసుకుంటూ పందిట్లోకి తేవలసింది ఆయనే. మేనమామ మోయని పెళ్లికూతురు నడిచి పోవాలి. నడిచి పోతే ఊరంతా కారణం అడుగుతుంది.

బయల్దేరే రోజు వినోద్ కొత్త చొక్కా మీద ఫోను కట్టుకున్నాడు. ఏందిరా అంటే, ఈ రన్‌ను లైవ్‌లో చూపిస్తున్నానన్నాడు. పెళ్లి పిలుపుల్లో ప్రపంచ రికార్డట. పోటీకి ఇంకెవరూ లేరు కాబట్టి రికార్డు రావడం ఖాయం. కుప్పం అమ్మవారి ముందు మొదటి కార్డు పెట్టి, వాడు టైమర్ నొక్కి, అమ్మను బైక్ వెనక ఎక్కించుకున్నాడు. అమ్మ పట్టుచీర కట్టుకుని, కుంకుమ భరిణె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను ఇంట్లో ఫోను గోడకు ఆనించి చూస్తూ చింతపండు గింజలు తీస్తున్నాను.

మనుబోలులో మా పిన్ని వనజాక్షి ఇల్లు. ఆమె గుమ్మంలోకి రాగానే, కూర్చోండి, కాఫీ పెడతాను అనబోయింది.

"పిన్నీ, మంచినీళ్లు ఇయ్యి" అన్నాడు వీడు, ఆమె నోరు తెరిచేలోపు.

తర్వాత నాకు అర్థమైంది. కాఫీ వద్దంటే బతిమాలతారు, సరేనంటే పాలు కాస్తారు, రెండూ ఆలస్యమే. మంచినీళ్లు అడిగితే మర్యాద తీరుతుంది, గ్లాసు దించగానే లేవొచ్చు. ఇది కనిపెట్టినందుకు లైవ్ చూసేవాళ్లు వాణ్ణి ఆకాశానికెత్తారు. బ్రెజిల్ వాడైతే దానికి వాటర్ స్కిప్ అని పేరు కూడా పెట్టేశాడు. పిన్ని మోకాళ్ల నొప్పుల గురించి మొదలుపెట్టింది, టైమర్ ఎర్రబడింది. వాడు అమ్మ మోచెయ్యి పట్టుకుని లేపేశాడు.

గూడూరు దాటారు. చిల్లకూరు వస్తోంది. మామ కార్డు అమ్మ సంచిలో పైనే ఉంది, దానికి నాలుగు మూలలా పసుపు నేనే పూశాను. బైక్ నెమ్మదించలేదు. ఫోనులోంచి గాలి హోరుతో పాటు దబదబమని చప్పుళ్లు వినిపించాయి. అమ్మ వాడి వీపు మీద గుద్దుతోంది.

"రేయ్! మావ అంగడిరా! ఆపరా! రేయ్!"

వాడికి హెల్మెట్, హెల్మెట్ లోపల ఇయర్‌ఫోన్లు. డివైడర్‌కు అవతలి పక్క, వేలాడుతున్న టైర్ల కింద, లుంగీ కట్టుకున్న మనిషి స్టూలు మీంచి లేచాడు. ఎండకు అడ్డంగా చెయ్యి పెట్టుకుని ఇటే చూశాడు. ఒక లారీ అడ్డం వచ్చింది. లారీ పోయేసరికి అంగడి లేదు, రోడ్డే ఉంది. నా చేతిలోని చింతపండు కింద పడింది.

ఫోను చేశాను, వాడు కాల్స్ రాకుండా పెట్టుకున్నాడు. లైవ్ కింద ఇంగ్లీషులో, ఆపు, మామ, అని రాశాను. అమ్మ గుద్దుల చప్పుడు ఏ వాయిద్యమని అడిగే వాళ్ల మధ్య నా మాట కొట్టుకుపోయింది. ఒక్క ఫిన్లాండ్ వాడు మాత్రం మర్యాదగా జవాబిచ్చాడు. మామ సాయంత్రం తిరుగు దారిలో ఉన్నాడు, అప్పుడైతే అంగడి రోడ్డుకు ఎడమ పక్కనే పడుతుంది, యూటర్న్ కొట్టే పని ఉండదు, కంగారు పడకండి, రూట్ చాలా బాగుంది అని. ఎక్కడో మంచులో కూర్చున్నవాడు చిల్లకూరు డివైడర్ గురించి నాకు ధైర్యం చెబుతుంటే ఏం చేయాలో తెలియక ఏడ్చాను.

నాయుడుపేటలో దిగగానే అమ్మ తిట్టింది. సాయంత్రం ఎట్టాగూ పోతాం కదా అన్నాడు వాడు. ఆ ఇంటివాళ్లు అప్పటికే ఎదురొస్తున్నారు. మావ చూసుండడులే అని అమ్మ తనకు తానే సర్దిచెప్పుకుని, బొట్టు పెట్టడానికి నవ్వు మొహం పెట్టుకుంది.

తడ దాటి, ఇంటింటా కార్డుతో ఫొటో తీస్తూ పులికాట్ సరస్సు ఒడ్డు కుప్పాలన్నీ ముగించుకుని, సాయంత్రానికి వాళ్లు చిల్లకూరు చేరారు. అంగడి షట్టర్ దించి ఉంది. వెనక ఇంటికి తాళం. పక్క టీ అంగడి ఆయన, పొద్దున్నే ఎటో పోయినాడన్నాడు. ఫోను చేస్తే ఎత్తలేదు. టైమర్ మాత్రం తిరుగుతోంది, చివరి కార్డు అందేదాకా అది ఆగదు. అప్పుడు మా తమ్ముడు చేసిన పని నేను కళ్లారా చూశాను. కార్డును షట్టర్ సందులో దోపాడు. ఫొటో తీశాడు. టైమర్ ఆపాడు.

లైవ్‌లో పెద్ద చర్చ జరిగింది. కార్డు చేరింది కాబట్టి చెల్లుతుందని ఫిన్లాండ్, మనిషి ఎదురుగా లేడు కాబట్టి చెల్లదని బ్రెజిల్. ఓట్లు వేశారు. చెల్లుతుందని తేలింది. మామ ఓటు ఎవరూ అడగలేదు.

వాళ్లు ఇల్లు చేరేసరికి మామ నాన్నకు ఫోను చేశాడు. నాన్న స్పీకర్ పెట్టాడు.

"బావా, కార్డు షట్టర్‌కు అందింది. పెండ్లికి షట్టర్ వస్తాది" అని పెట్టేశాడు.

నాన్న నవ్వకపోవడం అదే మొదటిసారి. ఇంక ఇంట్లో మొదలైంది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నింపినదానిది అన్నాడు వినోద్.

"నేను అడిగినా గదమ్మా! ఎవురు ముందని నోరు తెరిచి అడిగినా గదా!"

"అడిగితే మాత్రం అది చెప్పే మాటంట్రా? మావ ముందని నేను నోటితో చెప్పాల్నా? చెప్తే మిగతావోళ్లు ఎనకని గదా అర్థం!"

ఇద్దరిదీ నిజమే అనిపించి నాకు ఇంకా ఒళ్లు మండింది. ఇద్దరినీ నోర్మూయమన్నాను. పెళ్లి నాది, గంప నాది, మామ నావాడు. తెల్లవారగానే ఇద్దరినీ ఆటో ఎక్కించి చిల్లకూరు తీసుకుపోయాను.

మామ నీళ్లతొట్టిలో ట్యూబు ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూస్తున్నాడు. తల ఎత్తలేదు.

"పెంచలా" అంది అమ్మ.

"రాక్కా. దూరం పోతా పోతా దిగినారా?" అన్నాడు ట్యూబుతో. "తడ కుప్పాల దాకా అందరినీ పిలిచినారంట గదా. ఇంక నేనెందుకు, మిగిలిన కార్డుకా?"

వినోద్ ముందుకొచ్చి ఫోను తీశాడు. వద్దని కళ్లతో చెప్పాను, వాడు కళ్లు చూసే రకం కాదు.

"అది గాదు మావా. ఈడ చూడు. ఈ డివైడర్ ఉండాది గదా, యూటర్న్ కొట్టాలంటే రొంత దూరం పోవాల. పొయ్యి, మళ్లా తిరిగొచ్చి..."

మామ ట్యూబు వదిలేశాడు. ఫోనులో గీత వైపు చాలాసేపు చూశాడు.

"మీ అమ్మ నా అంగడి ముందర పట్టుచీర కట్టుకుని పోతా ఉంటే చూసినా. నా కోసరమే అనుకుని లేచినా, చెయ్యి కడుక్కున్నా, కుర్చీ తుడిచినా. పోతానే ఉండారు. ఒక్క యూటర్న్‌కు గూడా తూగలేదంట్రా నేను?"

వినోద్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. నాకు జాలి వేసింది, కోపమూ వచ్చింది, రెండూ కలిసి నా నోరు నా మాట వినలేదు.

"సరే మావా, రావొద్దులే. నాన్నను మూడుపూటలా పస్తుండి ఒప్పించినావు, ఇప్పుడు ఒక డివైడర్ నిన్ను ఆపింది. నేను నడిచే పోతా పందిట్లోకి. ఎవురైనా అడిగితే, మా మావకు రోడ్డు అడ్డం వచ్చిందని చెప్తా."

ఆయన అప్పుడు తల ఎత్తి నన్ను చూశాడు. పెళ్లికూతురు పిలవడానికి రాకూడదని మా ఆచారం. నన్ను చూడగానే ఆయనకు అది తట్టి ఉంటుంది.

"నువ్వెందుకొచ్చినావమ్మా ఎండలో" అన్నాడు. లుంగీకి చేతులు తుడుచుకుని, లోపలికి పోయి, నిన్న తుడిచిన కుర్చీ తెచ్చి వేసుకుని కూర్చున్నాడు. "పిలువక్కా."

అమ్మ బొట్టు పెట్టి కార్డు చేతికిచ్చింది. ఆయన కళ్లకద్దుకుని, ఇప్పుడు లెక్క ప్రకారం నేనే మొదలు కదా అన్నాడు. అవునన్నాం.

"మరైతే నా కంటే ముందు పిలిచినవి చెల్లవు. మళ్లా మొదలుపెట్టండి. అందరినీ. నేను గూడా వస్తా."

అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. నేను వినోద్ మొహం చూశాను. ఆ దీవి గేములో ఒక్క లాంతరు తప్పిపోతే మొదటికి పోయి మళ్లీ ఆడేవాడు, రీసెట్ అని దానికి ముద్దుపేరు, ఎన్ని వేలసార్లు చేసినా విసుక్కునేవాడు కాదు. ఇప్పుడు దీవి కాదు, జాతీయ రహదారి. ఆఫీసుకు సెలవు పెట్టు అంది అమ్మ. సరేనన్నాడు.

ఈసారి అడ్డదారి లేదు. మామకు తెలిసిన ఆటో, ఆయన చెప్పిన వరస. ప్రతి ఇంట్లో కూర్చున్నారు. కాఫీ వద్దన్నారు, బతిమాలించుకున్నారు, తాగారు. వనజాక్షి పిన్ని మోకాళ్ల నొప్పుల సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది, మామ ఏ నూనె రాసుకోవాలో చెప్పాడు. రెండోసారి పిలుస్తున్నారేందని అడిగిన వాళ్లకు, మొన్నటిది రిహార్సల్ అన్నాడు. రోజులు గడిచాయి గానీ పిలుపులు ముగియలేదు. ఫిన్లాండ్ నుంచి, బ్రెజిల్ నుంచి, ఏమైపోయావని అడుగుతున్నారట. వీడు జవాబివ్వలేదు.

ఒక సాయంత్రం తిరిగొచ్చి నా పక్కన చాప మీద కూర్చున్నాడు.

"అక్కా, సరస్సు ఒడ్డున హజరత్తయ్య తాత ఉండాడు గదా. మొన్న నేను తీసిన ఫొటోలో కార్డు తిరగేసి పట్టుకున్నాడని అందరూ నవ్వినారు, యాదికుందా?"

గుర్తుంది. నేనూ నవ్వాను.

"తాతకు కండ్లు పోయినాయంట అక్కా. పోయిన ఏడు. ఈ రోజు మావ పక్కన కూర్చుని కార్డంతా చదివి వినిపించినాడు. నీ పేరు వచ్చినప్పుడు మళ్లా చదవమన్నాడు తాత."

సిగ్గుతో నా మొహం వేడెక్కింది.

పెళ్లి రోజు వచ్చిన జనాన్ని చూసి నాన్న మళ్లీ నవ్వడం మొదలుపెట్టాడు. రెండుసార్లు బొట్టు పెట్టించుకుని రాకపోతే బాగుండదని, ఒక్కరు రావలసిన ఇంటి నుంచి అందరూ దిగారు. వంటవాళ్లు మళ్లీ పొయ్యి రాజేశారు. హజరత్తయ్య తాతను ఆటోలో తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది వినోదే.

నన్ను గంపలో కూర్చోబెట్టారు. ముందు పక్క మామ, వెనక పక్క వినోద్, చెరో వైపు ఇద్దరు చుట్టాలు. పందిరి మా ఇంటి ముందే. గడప దిగితే అదే. మామ గంప ఎత్తుకుని, తల తిప్పి వెనక్కి చూశాడు.

"ఏమబ్బయా, యే దారిన పొమ్మంటాది నీ మిషను?"

నా వెనక వినోద్ గొంతు వినిపించింది.

"ఏదైనా ఒకటే మావా."

అచ్చం అమ్మలాగే అన్నాడు. మామ వాణ్ణి ఒక్క క్షణం చూసి, పందిరికి వీపు తిప్పి, సముద్రం వైపు నడిచాడు. పడవల పక్కన, వలలు ఆరేసిన చోట, చేపలు ఎండబెట్టే దిబ్బ వెంబడి తిప్పాడు. ప్రతి గడప ముందూ ఆగాడు, బయటికొచ్చిన ప్రతి మనిషికీ నన్ను చూపించాడు. ఆయనకు చెమటలు కారుతున్నాయి. నాకు గంపలో మోకాళ్లు తిమ్మిరెక్కాయి. పందిట్లోంచి పంతులు మైకులో, ముహూర్తం దాటిపోతోంది, పెళ్లికూతురిని తీసుకురండి అని అరుస్తున్నాడు. నన్ను ఇంత బరువుగా, ఇంత పదిలంగా ఇంకెవరూ మోయరని తెలిసి ఏడుపొచ్చింది. వెనక వినోద్ రొప్పుతున్నాడు గానీ ఒక్కసారి కూడా తొందరగా నడవమనలేదు.

మలుపు దగ్గర మామ ఆగి ఊపిరి పీల్చుకున్నాడు.

"పోదామా అమ్మా ఇంక లోపలికి?"

పంతులు మళ్లీ అరిచాడు. నేను కళ్లు తుడుచుకుని అటు చూపించాను.

"ఆ వీధి మిగిలింది మావా."